ఇంటి యాటలు – నాలుగింటి లెక్క

తెలుఁగునాఁట గణితవిద్య యెట్లు వ్యాపించెనో విచారించువారు సాధారణముగ రెండు తెఱఁగుల సాక్ష్యములనే గైకొనుచున్నారు. ఒకటి గ్రంథసాక్ష్యము. పావులూరి మల్లన రచించిన సారసంగ్రహగణితము ఇట్టివానిలో మొదట లెక్కింపఁదగినది. రెండవది బడిసాక్ష్యము. ఒజ్జలు, ఇసుకపై వ్రాఁత, ప్రొద్దుటను మాపటను వల్లించిన యెక్కములు – ఇవి దీనికిఁ జేరినవి. ఈ రెంటికిని లోఁబడని మూఁడవ సాక్ష్యము వేఱొకటి కలదు. అది యింటిసాక్ష్యము. అరుఁగుమీఁద చింతపిక్కలతోను, గవ్వలతోను, గులకరాలతోను ఆడుకొన్న బాలబాలికలు కూడికలను తీసివేఁతలను భాగహారములను ఎట్లు కరతలామలకము చేసికొనిరో తెలుపునది యిదియే. దీని నింతవఱకు చరిత్రకారులు తగినంతగా విచారింపలేదని తోఁచుచున్నది.

ఈ వ్యాసమున నేను చెప్పఁదలఁచిన దొక్కటియే. మన పూర్వుల వాడుకలెక్క చాలవఱకు నాలుగింటిమీఁద నడచినది. బడి దానిని నోటికి నేర్పినది. ఇల్లు దానినే చేతికి నేర్పినది. నోటి చదువును నాఁటి యధికారులు లెక్క వ్రాసికొనిరి. చేతి చదువును వ్రాసినవారు లేరు. కాఁబట్టి మన గణితవిద్యాచరిత్రమున సగము పాలు, అందును ముఖ్యముగ స్త్రీల పాలు, లోపించియున్నది. ఆ లోపమును కొంతయైనఁ బూరించుటకు ఆటల పేరులును ఆటల నియమములును మనకు మిగిలియున్న యాధారములు.

1. లెక్కకెక్కిన బడి, లెక్కకెక్కని యిల్లు

1822వ సంవత్సరమున మదరాసు గవర్నరు సర్ తామస్ మన్రో తన యేలుబడిలోని జిల్లాలన్నిటను దేశీయవిద్య యే స్థితిలో నున్నదో విచారించి తెలుపవలసినదని కలెక్టరులకు ఉత్తరువు చేసెను. వచ్చిన వివరముల నన్నిటిని క్రోడీకరించి 1826వ సంవత్సరము మార్చి 10వ తేదీని ఆయన వ్రాసిన యభిప్రాయపత్రము ప్రసిద్ధము. రాజధానియంతటను 12,498 బడులు. వానిలోఁ జదువువారు 1,88,650 మంది. వీరిలో బాలురు 1,84,110, బాలికలు 4,540. అనఁగా నలువది మందిలో ఒక్క బాలికయైన బడికిఁ బోవుచున్నట్లు కానరాదు.

ఈ సంఖ్యలను ఎత్తి చూపినవారు పెక్కురు. కాని యా పత్రముననే యున్న మఱియొక సంఖ్యకు రావలసిన యాదరము రాలేదు. మదరాసు నగరమున తమ యిండ్లయందే బంధువులవలననో ప్రత్యేకోపాధ్యాయులవలననో చదువుకొనుచుండినవారు 26,963 మంది యని యందుఁ గలదు. బడులలోని వారికంటె నిది పలు రెట్లు హెచ్చు. ఇది నమ్మఁదగినంత చిన్న సంఖ్య కాదని మన్రోయే శంకించెను. అయినను ఇంటి చదువును విడిచినచో దేశవిద్య యంచనా తప్పునని గ్రహించి, ఆయన తన లెక్కలో దానికిని కొంత పాలు కల్పించెను. శంకింపఁదగిన సంఖ్యయే యగుఁగాక. ఇల్లును ఒక పాఠశాలయే యను తెలివి నాఁటి యధికారపత్రమున నుండుట గమనింపఁదగినది.

ఇఁక బడులలో గణిత మెట్లు చెప్పుచుండిరి? దీనికి బళ్ళారి కలెక్టరు ఏ. డి. కాంబెల్ 1823వ సంవత్సరము ఆగష్టున వ్రాసి పంపిన నివేదిక మిక్కిలి యుపయుక్తము. బళ్ళారి జిల్లాలో నాఁడు 533 బడులు, 6,641 విద్యార్థులు. ఆ బడులలో 226 తెలుఁగు బడులు. ప్రొద్దుట ఆఱు గంటలకు బడి తెఱతురు. మొట్టమొదట వచ్చిన బాలుని యఱచేత సరస్వతి పేరు వ్రాయుదురు. రెండవవానికి సున్న. మూఁడవవానికి ఒక మెత్తని దెబ్బ, నాల్గవవానికి రెండు, ఆపై వచ్చినవారికి ఒక్కొక్కటి హెచ్చు. ఈ లెక్కను బట్టి పదవవాఁడు ఎనిమిది దెబ్బలు తినవలెను. ఆలస్యముగ వచ్చు బాలుఁడు గుమ్మము దాఁటకమునుపే లోపలివారి నెంచి రెండు తీసివేయుట నేర్చియుండునని మనము నవ్వుకొనవచ్చును.

కాంబెల్ చెప్పినవానిలో మనకు ముఖ్యమైనది వేఱొకటి. పూర్ణసంఖ్యకు భాగములను నేర్పుటయందు ఒజ్జలు అధికశ్రద్ధ వహింతురనియు, ఆ భాగములు పదింటి చొప్పునఁ గాక నాలుగింటి చొప్పున దిగుచు మిగుల దూరము పోవుననియు ఆయన వ్రాసెను. ఆ భాగములను, కూడిక గుణకారముల పట్టీలను, కొలతల పట్టీలను దినమునకు రెండు మాఱులు విద్యార్థులు వరుసలు తీఱి నిలిచి, పెద్దవాఁడొకఁడు చెప్పఁగా నందఱును మఱల చెప్పుదురఁట. పద్యముల విషయమునను ఇట్టి వల్లెయే గలదనియు, చిలుకకుఁ దెలిసినంతయే వారికి నర్థము తెలియుననియు నాయన నొచ్చుకొనెను.

2. నాలుగింటి లెక్క

కాంబెల్ చూచినది సత్యమే. ఒకటిని నాలుగు చేసినచో కాలు లేక పాతిక, అందు రెండు అర, మూఁడు ముక్కాలు. కాలును మఱల నాలుగు చేసినచో వీసము, అనఁగా పదాఱవ పాలు. రెండు వీసములు పరక. వీసమును మఱల నాలుగు చేసినచో కాని, అనఁగా అఱువదినాలుగవ పాలు. ఈ భాగములకు తెలుఁగున ప్రత్యేకచిహ్నములు గలవు. నిలువుగీఁతలు ఒక మెట్టునకు, అడ్డగీఁతలు దాని తరువాతి మెట్టునకు. మఱల నిలువు, మఱల అడ్డము. ఆ యా మెట్టున పాలేదియు లేనప్పుడు వ్రాయు గుఱుతునకు హళ్ళి యని పేరు. 'హళ్ళికి హళ్ళి సున్నకు సున్న' యని నేఁటికిని జనులు అనుచుందురు. పూర్ణసంఖ్యలలోని శూన్యము సున్న. భాగములలోని శూన్యము హళ్ళి. అటు మొత్తమును లేదు, ఇటు తునుకయును లేదని యా నానుడి తాత్పర్యము. మాట మిగిలినది, దాని మూలమైన లెక్క మఱుఁగుపడినది.

ధాన్యపుఁ గొలతలను జూడుఁడు. నాలుగు గిద్దలు సోల. నాలుగు సోలలు మానిక. నాలుగు మానికలు కుంచము. నాలుగు కుంచములు తూము. సోలకు మానికకు నడుమ తవ్వ, మానికకు కుంచమునకు నడుమ అడ్డ – ఇవి సగములు. ప్రాంతభేదములచే కొలపాత్రల పరిమాణము మాఱినను మెట్ల వరుస యిదియే. తూమునకు గిద్దలెన్ని యని యడిగినచో నాలుగు నాలుగుల నాలుగు మాఱులు హెచ్చింపవలయును, 256 అగును. నాణెములును ఇట్లే. రూపాయికి పదాఱణాలు, అణాకు నాలుగు పైసలు, రూపాయికి 64 పైసలు. అణా రూపాయిలో వీసము. పైస రూపాయిలో కాని. భాస్కరాచార్యులు 1150వ సంవత్సరమున రచించిన లీలావతిలో గవ్వలతో మొదలిడి చెప్పిన నాణెముల పట్టీలోను ఇరువది గవ్వలకు కాకిణి, నాలుగు కాకిణులకు పణము, పదాఱు పణములకు ద్రమ్మము, పదాఱు ద్రమ్మములకు నిష్కము. గవ్వ యొకప్పుడు ధనమే. 'చిల్లిగవ్వ లేదు' అనునపుడు మన మా కాలమునే తలఁచుచున్నాము.

నాలుగు వస్తువుల గుంపునకు తెలుఁగున ప్రత్యేకనామము కలదు: పుంజీ. మా మామిడిసీమలో మా తల్లి పండ్లను పుంజీలుగనే యెంచును. కుడిచేత రెండు, ఎడమచేత రెండు. ఒక్కమాఱు వంగి లేచిన నొక పుంజీ. ఇరువదియైదు పుంజీలు నూఱు. నాలుగింటి లెక్క శాస్త్రకారులు కల్పించినది కాదు. రెండు చేతులు గల మనుష్యునకు సహజముగఁ గలిగినది. సగము చేసి మఱల సగము చేయుట తూనిక లేని యింట నెల్లవారికిని సాధ్యము. పదింట నొక పాలు తీయుట యట్టిది కాదు.

3. ఇంటి యాటలు నేర్పినది

ఈ నాలుగింటి లెక్కను బడిలో వరుసఁగట్టి వల్లించుచుండఁగా, బడి మొగ మెఱుఁగని బాలిక లింట నేమి చేయుచుండిరి? వారి యాటలలో నాలుగింటిని మాత్ర మెత్తి చూపెదను.

మొదటిది సరిబేసి. గుప్పిట చింతపిక్కలు మూసి సరియా బేసియా యని యడుగుదురు. గుప్పిట విప్పిన తరువాత పిక్కలను జతలుగా నేర్చి చూపవలయును. మిగిలిన బేసి, మిగులకున్న సరి. నాలుగైదేండ్ల శిశువునకు రెంటిచే భాగించి శేషము చూచుట యిట్లలవడును.

రెండవది అచ్చనగాయలు. అయిదు రాళ్ళాట యందు ఒక రాయి పైకెగురవేసి, అది క్రిందికి వచ్చులోపల నేలనున్న నాలుగు రాళ్ళను ఏఱవలయును. మొదటి యావృత్తిలో ఒకటొకటిగ. రెండవ యావృత్తిలో రెండు రెండుగ. మూఁడవదానిలో మూఁడొకమాఱు, ఒకటి యొకమాఱు. నాల్గవదానిలో నాలుగు నొక్కసారి. నాలుగును ఎన్ని తీరుల విడఁదీయవచ్చునో, విడఁదీసినవి కలిపిన నెంతయగునో యిందు చెప్పకయే చెప్పఁబడినది. రాయి గాలిలో నున్నంత సేపే యాలోచనకు గడువు. వ్రేళ్ళపై లెక్కించుట కవకాశము లేదు. కనుచూపుననే మూఁడని, రెండని గుర్తింపవలయును.

మూఁడవది గవ్వలాట. అష్టాచెమ్మ యందు నాలుగు గవ్వలు వేయుదురు. వెల్లకిలఁ బడినవాని నెంచి అన్ని గడులు కాయ నడపుదురు. నాలుగును వెల్లకిలఁ బడిన చెమ్మ, అనఁగా నాలుగు. నాలుగును బోరగిలఁ బడిన అష్ట, అనఁగా ఎనిమిది. గీచిన చదరమున అయిదు అయిదుల 25 గడులు. వెలుపలి చుట్టున 16, లోపలి చుట్టున 8, నడుమ నొకటి. ఇందును నాలుగింటి గుణకములే. కాయ పండుట కెన్ని గడులు కొఱఁతయో, ఎదిరికాయను చంపుట కెన్ని కావలయునో ప్రతి పందెమునను తెలిసికొనవలయును. పదాఱులో పదునొకటి నడచిన మిగిలిన దెంత యను ప్రశ్నను ఉపాధ్యాయుఁ డడిగిన బాలుఁడు విసుగుకొనును. ఎదిరికాయ తఱుముకొని వచ్చునపుడు తానే యడిగికొనును.

నాల్గవది వామనగుంటలు. ఇది తక్కినవానికంటె విద్యావిషయమున మిన్న. పీఁటమీఁద రెండు వరుసలు, వరుసకు ఏడు, మొత్తము 14 గుంటలు. నియమములు ఇంటింటికి మాఱును. పలుచోట్ల గుంటకు అయిదేసి గింజలు పెట్టుదురు. అప్పుడు మొత్తము 70, ఒక్కొక్కరికి 35. ఒక గుంటలోని గింజలు తీసి తరువాతి గుంటలలో ఒక్కొక్కటిగ వేసికొనుచుఁ బోవలయును. చేతిలోనివి యైపోయిన పిదప తరువాతి గుంటలోనివి తీసి మఱల పంచవలయును. ఆ తరువాతి గుంట వట్టిదైనచో దాని యావలిదానిలోనివి గెలుపు. ఏ గుంటనుండి మొదలిడిన ఎచ్చట ముగియునో ముందే యూహించినవారిది జయము. దక్షిణదేశమున పలుచోట్ల మఱియొక నియమము కలదు. పంచుచుండఁగా ఏ గుంటనైన నాలుగు గింజలు పోగైనచో వానిని గుంట యజమాని తీసికొనును. తమిళులు దానిని 'పసు' వందురు. ఇచ్చటను నాలుగే.

ఒక యాట ముగిసి రెండవది మొదలిడునపుడు మఱియు మంచి గణితము కలదు. ఓడినవారికి 23 గింజలు మిగిలినవనుకొందము. అయిదేసి చొప్పున నాలుగు గుంటలు నిండును. మూఁడు గింజలు మిగులును. మూఁడు గుంటలు పాడుపడును. గెలిచినవారికి 47: ఏడు గుంటలు నిండి 12 మిగులును. లబ్ధము, శేషము, మొత్తము సరిచూచుట – మూఁడును కంటియెదుటనే. ఓడినవారి కెన్ని గుంటలు పాడుపడవలయునో గెలిచిన బాలిక యొక గింజయైన విడువక లెక్కించును. ఇంతకంటె శ్రద్ధగల పరీక్షాధికారి యే బడిలోను కానరాఁడు.

4. శబ్దశాస్త్రసాక్ష్యము

ఆటకును లెక్కకును గల యీ చెలిమి నిన్న మొన్నటిది కాదు. వ్యాకరణము చదివినవారికి తెలిసిన యొక సూత్రమును ఇచ్చట స్మరింపఁజేసెదను. అష్టాధ్యాయి రెండవ యధ్యాయము మొదటి పాదమున పదియవ సూత్రముచే పాణిని అక్షశబ్దమునకును శలాకాశబ్దమునకును సంఖ్యావాచకములకును 'పరి' తో అవ్యయీభావసమాసమును విధించెను. అక్షపరి, శలాకాపరి, ఏకపరి – ఇవి రూపములు. ఆటయందు పందెము తప్పి పడినదను నర్థమున నివి వచ్చును. వ్యాఖ్యాతలు పంచిక యను నాట నుదాహరించిరి. అందు అయిదు పాచికలో పుల్లలో వేయుదురు. అన్నియు నొక్కతీరుగఁ బడిన జయము. ఒకటి తేడాపడిన ఏకపరి, రెండైన ద్విపరి, మూఁడైన త్రిపరి, నాలుగైన చతుష్పరి. అంతకు మించి రూపము లేదు. అయిదును ఒక్కతీరుగఁ బడిన నది గెలుపే కదా. మన గవ్వలాటయందు అన్నియు వెల్లకిలఁ బడినను అన్నియు బోరగిలఁ బడినను పెద్ద పందెమే యగుట దీనికి దగ్గఱి చుట్టము. సమాసమునకు ఎంతవఱకు ప్రవృత్తియో ఆటలోని లెక్క నిర్ణయించుట చిత్రము.

యుగనామములును ఇట్టివే. కృతము, త్రేత, ద్వాపరము, కలి యనునవి ద్యూతమునందలి పందెముల పేరులు. వైదికకాలమున గుప్పెఁడు తాండ్రకాయలు తీసి నాలుగింటిచే భాగించుచుండిరనియు, శేషము లేకున్న కృతము, మూఁడు మిగిలిన త్రేత, రెండు మిగిలిన ద్వాపరము, ఒకటి మిగిలిన కలి యనియు విమర్శకులలోఁ బలువురి మతము. మన వీసము కానులు ఆ ద్యూతమునుండి పుట్టినవని నేననను. అట్లనుటకు ఆధారము లేదు. నాలుగింట భాగించి శేషము చూచుట యీ దేశమున ఆటగా మిగులఁ బ్రాచీనమని మాత్రము చెప్పవచ్చును.

ఈ తాండ్ర మామిడితాండ్ర కాదు. సంస్కృతమున విభీతకమనఁబడు చెట్టు. ఆ చెట్టే నలోపాఖ్యానమునఁ గలదు. నన్నయభట్టారకుఁడు తెనిఁగించిన యారణ్యపర్వభాగమున నీ కథ చేరియున్నది. ఋతుపర్ణుఁడు రథముమీఁదనుండియే చెట్టుకొమ్మల యాకులను కాయలను ఎంచి చెప్పఁగా, బాహుకుఁడు రథము నిలిపి లెక్కించి సరిపోవుట చూచి విస్మితుఁడయ్యెను. ఆ విద్యయే అక్షహృదయము. లెక్కయును ఆటయును ఒకే విద్యగ నచ్చటఁ జెప్పఁబడినది. మా నూజివీటి సీమయందు తోట గుత్తకుఁ గొనువారు చెట్టుక్రింద నిలిచి పైకిఁ జూచి యెన్ని కాయలు దిగునో చెప్పుట నేఁటికిని కాననగును. వారిలో కొందఱు పెద్దలు పెద్ద చదువులు చదివినవారు కారు. ఒక కొమ్మ పుంజీలను చూచి కొమ్మల సంఖ్యచే హెచ్చింతురు. ఋతుపర్ణుని విద్య తోటలలో బ్రదికియున్నదని యనవచ్చును.

5. గ్రంథములలోని యాట

గ్రంథకర్తలును ఈ రుచి నెఱుఁగనివారు కారు. రాష్ట్రకూటప్రభువగు అమోఘవర్షనృపతుంగుని కాలమున, సుమారు 850 ప్రాంతమున, మహావీరాచార్యుఁడు గణితసారసంగ్రహమును రచించెను. దానినే పావులూరి మల్లన తెలుఁగు పద్యములలోనికిఁ దెచ్చెను. మల్లన రాజరాజనరేంద్రుని కాలమువాఁడని యొకరును తరువాతివాఁడని యొకరును వాదింతురు. ఆ వాదము నిటఁ బెంపను. సంస్కృతమూలము మ. రంగాచార్యులవారిచే ఆంగ్లానువాదముతో 1912వ సంవత్సరమున మదరాసున ప్రకటింపఁబడినది.

అందలి మామిడిపండ్ల లెక్క యొకటి మా సీమవారికి ప్రీతికరము. దాని సారాంశ మిది. ఒక పండ్లరాశిలో రాజు ఆఱవ పాలు తీసికొనెను. మిగిలినదానిలో రాణి యైదవ పాలు తీసికొనెను. తరువాత మిగిలినవానిలో ముగ్గురు రాకుమారులు వరుసగ నాల్గవ పాలును, మూఁడవ పాలును, సగమును గైకొనిరి. కడగొట్టు పిల్లవానికి మూఁడు పండ్లు మిగిలినవి. మొత్తమెన్ని? భిన్నములతోఁ బెనఁగులాడినచో చాల సేపు పట్టును. వెనుకనుండి వచ్చినచో కడవానికి మూఁడు. వానికి ముందువాఁడు సగము తీసికొనెను గనుక వానికిని మూఁడు. ఇట్లే పైకి పోఁగా నందఱికిని మూఁడేసి. ఆఱుగురు, మూఁడేసి, 18 పండ్లు. రాజునకు ఆఱవ పాలు, కుమారునకు సగము అని విన్నపుడు ఎక్కువతక్కువలు తోఁచును. చివరకు చూచినచో పసివానికిని రాజునకును సమానమే. ఆచార్యుఁడు నవ్వుచు నీ లెక్కను కట్టియుండును. ఆ గ్రంథముననే 142857143ను ఏడింటఁ గుణించినచో 1000000001 వచ్చునని చూపి, అటునిటు నొకటొకటి నిలిచి నడుమ సున్నలు ముత్యములవలె నొప్పు నా సంఖ్యను రాజకంఠాభరణముగఁ బేర్కొనెను. గుణకారపు శ్రమకు కడపట నొక కానుక దాఁచి యుంచుట యిది.

భాస్కరుని లీలావతి కథయును స్మరింపఁదగినది. లీలావతి యాయన కూఁతురనియు, ఆమె దుఃఖము మఱపించుటకై యీ గణితము చెప్పెననియు వాడుక. 1587వ సంవత్సరమున ఫైజీ చేసిన పారసీకానువాదమున నీ కథ కానవచ్చుచున్నది. భాస్కరుఁడు తాను చెప్పలేదు. చరిత్రమగునో కాదో కాని, తండ్రి యింట కూర్చుండి కూఁతునకు లెక్కలు వినోదముగ నేర్పెనను కథను ఇన్ని తరములవారు నమ్మి చెప్పుకొనుటయే సాక్ష్యము. ఇంట నట్లు నేర్పుట నమ్మరాని విషయముగ వారికిఁ దోఁపలేదు.

6. ఒక యాక్షేపము

ఆట జూదమునకు దారి, విద్యకు పగ, ఋగ్వేదముననే జూదరి విలాపమునకు సూక్తము కలదు గదా – అని పెద్దలు కొంద రాక్షేపింతురు. న్యాయమే. కాని పందెపు ధనము లేని యాట ద్యూతము కాదు, క్రీడ. చింతపిక్కలు గెలిచిన బాలిక వానిని మఱల డబ్బాలోఁ బోసి లేచిపోవును. ధర్మరాజు పోఁగొట్టుకొన్నది రాజ్యము. ఈమె పోఁగొట్టుకొన్నది సాయంకాలము మాత్రమే, అదియును వ్యర్థము కాదు.

రెండవ యాక్షేపము బలమైనది. ఎక్కములు వల్లింపక గణిత మెట్లు వచ్చును? వల్లింపకున్న రాదని నేనును నమ్ముదును. సూత్రపాఠము కంఠస్థము కాని వైయాకరణుని ఎవరు గౌరవింతురు? అయినను వరుసగ వచ్చిన సూత్రపాఠము వేఱు, ప్రయోగమున నవసరమైన సూత్రము తటాలున స్ఫురించుట వేఱు. మొదటిది కంఠము, రెండవది వశము. వల్లెవేసిన బాలుని 'ఏడెనిమిదు లెంత' యని యడిగినచో 'ఏడొకట్ల' నుండి యెత్తుకొని వచ్చును. వరుస తెగిన దారి తప్పును. ఆట వరుస నడుగదు. ఏ సంఖ్య యెప్పుడు వచ్చునో గవ్వలకే తెలియును. అందువలన కంఠమునకు బడియును, వశమునకు ఇల్లును కావలసి వచ్చెను. మన పూర్వులు రెంటిని వేర్వేఱు తావులనుంచిరి. ఒకదానికి బదులుగ రెండవదానిని పెట్టలేదు. ఎక్కమను మాట ప్రాకృతమున ఒకటి యను నర్థముగల 'ఎక్క' శబ్దమునకుఁ జుట్టము. ఒకటినుండి వరుసగ నెక్కుటయే దాని స్వభావము. పుంజీ యట్లు కాదు. అది చేతికి వచ్చిన గుంపు.

7. మిగిలినది

1957వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీని దశాంశనాణెములు వచ్చినవి. రూపాయి నూఱు నయాపైసలయ్యెను. కొలతలును తరువాత దశాంశపద్ధతికి మాఱినవి. పదింటి లెక్క సులభము, లోకవ్యాప్తము; దానిని నిందింపను. కాని నాలుగింటి లెక్క బడినుండి వెడలినపుడు ఇంటి యాటలకు బడితోఁ గల చుట్టఱికము తెగెను. ఆటలు వట్టి కాలక్షేపములుగఁ గనఁబడఁజొచ్చినవి. హళ్ళి మొదలైన భాగచిహ్నములు మాత్రము 2008వ సంవత్సరమున యూనికోడు పట్టికలోఁ జేరి, గణనయంత్రములలో వ్రాయుటకు వీలయ్యెను. అక్షరము నిలిచినది, దానిని వాడు చేయి కఱవైనది.

2020వ సంవత్సరము మార్చిలో మహామారిచే బడులన్నియు మూఁతపడినపుడు ప్రతి యిల్లును మఱల బడి కావలసివచ్చెను. బాపులపాటిలో మా యింట నెనిమిదేండ్ల మనుమరాలుండెను. ఏడవ యెక్కము వరుసగఁ జక్కఁగ నప్పగించును. నడుమ నడిగిన తెల్లమొగము వేయును. నేను శాస్త్రము చదివినవాఁడను గాన నెక్కమును మఱి పదిమాఱులు చదివించితిని. ఫలము సున్న. ఎన్నఁడును బడిమెట్టెక్కని మా తల్లి యది చూచి, అటకమీఁది వామనగుంటల పీఁట దింపించి, చింతపిక్కలు కడిగించి, ముని మనుమరాలిని తన యెదుటఁ గూర్చుండఁబెట్టుకొనెను. మామిడికాయల కాలము పోవునంతలో నా పిల్ల యే గుంట మొదలిడిన నెచ్చట ముగియునో చేయి పెట్టకయే చెప్పసాగెను. ఏడెనిమిదు లడుగఁగా తడుముకొనక చెప్పెను. ఎట్లు తెలిసెనని ప్రశ్నింపఁగా 'పదునాలుగు గుంటలు, నాలుగేసి' యనెను. ఏడెనిమిదులును పదునాలుగు నాలుగులును ఒక్కటే యని యామెకు నేను చెప్పలేదు. మా తల్లియుఁ జెప్పలేదు.

ఒక్క యింటి ముచ్చట సిద్ధాంతమునకు చాలదని యెఱుఁగుదును. అయినను 1826 నాఁటి పత్రమున లెక్కకురాని లక్షలకొలఁది బాలికలు పెరిగి గృహిణులై, గిద్దలు తూములు కొలిచి, పాలికి వీసము తప్పక పంచి, చాకలిపద్దు పాలపద్దు గోడమీఁది గీఁతలతో నడపినవారు. వారికి లెక్క రానిదని యనుటకు వీలులేదు. వచ్చిన దెక్కడనుండి? బడినుండి కాదు. నాకుఁ దోఁచిన సమాధానము పైని విన్నవించితిని.

2023వ సంవత్సరము ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వమువారు చిన్న పిల్లలకొఱకు ఆటవస్తువులతోను బొమ్మలతోను కూడిన 'జాదూయీ పిటారా' యను పెట్టెను వెలువరించిరి. అది మంచి పని. అట్టి పెట్టె మన యిండ్లలో చింతపిక్కల డబ్బారూపమున నుండెనని చెప్పుటకు సాక్ష్యములు కూర్చుట మన పని. ఆటల నియమములు జిల్లా జిల్లాకు, కులము కులమునకు, ఇంటింటికి మాఱును. గుంటకు నాలుగేసియా, అయిదేసియా? నాలుగు పోగైనదాని పేరేమి? పుంజీ యను మాట యే యే తావుల వాడుదురు? ఇవి యే తాటాకులోను లేవు. ఎనుబదేండ్లు దాఁటిన ముదుసళ్ళ నోట నున్నవి. పాఠశాలలలోని పండితమిత్రులు తమ విద్యార్థులను ఇంటి యవ్వల నడిగి, ఆ నియమములను ఆ పేరులను ఉన్నవున్నట్లు వ్రాసి తెమ్మని పంపుదురేని ఒక వేసవిలో గ్రంథము సమకూరును. తాటాకు నూఱేండ్లు వేచియుండఁగలదు. అవ్వ వేచియుండలేదు.